జీవరసాయన తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

నల్లమల కొండల నడుమ వెలసిన అహోబిలానికి వచ్చే యాత్రికులలో ఓపిక గలవారు ఎగువ అహోబిలం దాటి ఉక్కుస్తంభమనే శిఖరం వరకు ఎక్కుతారు. నరసింహుడు వెలువడిన కంబం అదేనని భక్తుల విశ్వాసం. పైకి జడంగా కనిపించే కంబంలో చైతన్యమున్నదని ఒక బాలుడు నమ్మి నిలిచిన కథ మన సీమలో కులమత భేదం లేకుండా అందరూ ఎరిగినదే. జీవం ఎక్కడ దాగి ఉన్నదో కనుగొనడం వైద్యశాస్త్రానికి కూడా అనాదిగా ఉన్న సమస్య. కపాలంలో దాగిన మెదడు విషయంలో అది మరింత కఠినం. నాడి పట్టి చూచే హకీములకు గాని, వైద్యులకు గాని ఆ కోటలోని సంగతి తెలిసే మార్గం ఉండేది కాదు.

నేడు పుర్రె తెరవకుండానే మెదడులోని కంతి జీవక్రియను స్కాన్ ద్వారా పరిశీలించగలుగుతున్నారు. ఈ పరీక్షలకు ఆధారమైన జ్ఞానంలో ఒక తెలుగువాని శ్రమ ఉన్నదని మన విద్యార్థులలో అనేకులు ఎరుగరు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఏ స్కాన్ యంత్రాన్నీ కనిపెట్టలేదు. అవి పుట్టక ముందే కన్నుమూశారు. అయితే ఆ యంత్రాలు నేడు చదువుతున్న అక్షరాలలో కొన్నింటిని మొదట గుర్తించినవారిలో ఆయన ఒకరు. ఆ మహనీయుని జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయడమే మా ఉద్దేశం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. బాల్యంలో చదువుపై ఆయనకు శ్రద్ధ తక్కువ. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు. యువకుడుగా ఉండగానే అన్నదమ్ములలో ఇద్దరిని స్ప్రూ అనే వ్యాధి బలిగొన్నది. తినిన ఆహారం ఒంటబట్టక మనిషి కృశించి పోయే రోగమది. ఆ శోకం ఆయన జీవితాంతం చల్లారలేదు.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు మేరకు ఆయన ఖద్దరు అంగీ ధరించారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి కంటగింపైనది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సహాయంతో 1920ల తొలినాళ్లలో అమెరికాకు ప్రయాణమయ్యారు. అప్పటికి భార్య శేషగిరి గర్భవతి. తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనేలేదు. భార్యాభర్తలు మరల కలుసుకొననూ లేదు. విజ్ఞానానికి ఒక కుటుంబం చెల్లించిన మూల్యమిది. సుబ్బారావుగారి కీర్తిని తలచినప్పుడు శేషగిరమ్మగారి నిరీక్షణను మరవడం న్యాయం కాదు.

బోస్టన్ నగరంలో రాత్రివేళ ఆసుపత్రిలో సేవకుని పని చేస్తూ, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసించి, 1924లో డిప్లొమా పొందారు. పిమ్మట సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి జీవరసాయన పరిశోధన ఆరంభించారు. రక్తంలోను, కండరాలలోను ఉన్న భాస్వరాన్ని కొలిచే విధానాన్ని వారిరువురు 1925లో ప్రకటించారు. పరీక్షించదలచిన ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. నేటికీ ఈ విధానం ఫిస్క్, సుబ్బారావుల పేరిటనే ప్రసిద్ధం.

కండరాల నుండి తీసిన ద్రవాన్ని ఈ విధంగా పరీక్షించినప్పుడు ఒక వింత ఎదురైనది. వెంటనే రావలసిన రంగు ఆలస్యంగా, కొద్దికొద్దిగా చిక్కబడుతూ వచ్చినది. మరొకరైతే రసాయనాలు చెడిపోయినవని తలచి పారబోసి ఉండేవారు. వీరు ఆ ఆలస్యానికి కారణం వెదికారు. భాస్వరాన్ని తనలో బంధించుకొని, ఆమ్లం తగిలినప్పుడు మెల్లగా విడిచిపెట్టే పదార్థమొకటి కండరంలో ఉన్నదని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వెలువడిన ఈ ఫలితాన్ని అదే కాలంలో ఇంగ్లండులోని పరిశోధకులు కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. 1929లో ఫిస్క్, సుబ్బారావులు ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ సంవత్సరమే దానిని కనుగొన్నారు. జీవకణం తన పనులన్నింటికీ ఖర్చుపెట్టే రొక్కం వంటిది ఎ.టి.పి. ఆ రొక్కం తరిగినప్పుడు తక్షణం భర్తీ చేసే నిలువ ధనం ఫాస్ఫోక్రియాటిన్.

సుబ్బారావుగారు 1930లో పిహెచ్.డి. పట్టా పొందినా, హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధకులకు సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడం, బోదకాలు వ్యాధికి హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకం ఆ బృందం సాధించిన విజయాలు. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లమే ఔషధమైనది. ఫోలిక్ ఆమ్లం రూపాన్నే పోలి, కణాన్ని మోసగించి, దాని పెరుగుదలను అరికట్టే అమినోప్టెరిన్ కూడా అక్కడనే తయారైనది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు దానిని ఇవ్వగా 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగినదని 1948లో ప్రకటించారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ మెదడులో పుట్టే లింఫోమా అనే క్యాన్సర్ చికిత్సలో నేటికీ ప్రధానమైనది. ఫార్బర్ ప్రకటన వెలువడిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, 53వ ఏట సుబ్బారావుగారు నిద్రలోనే పరమపదించారు.

ఇక స్కాన్ సంగతికి వద్దాం. ఎం.ఆర్.ఐ. సాధారణంగా మెదడు ఆకారాన్ని చూపుతుంది. ఆ యంత్రంతోనే చేసే స్పెక్ట్రోస్కోపీ అనే పరీక్ష లోపలి రసాయనాలను శిఖరాలు గల గీతగా లిఖిస్తుంది. ఆ గీతలో ఆరోగ్యవంతమైన నాడీకణాలకు గుర్తుగా ఎన్.ఎ.ఎ. అనే శిఖరం, కణాల పొరల నిర్మాణానికి గుర్తుగా కోలిన్ శిఖరం, శక్తి నిలువకు గుర్తుగా క్రియాటిన్ శిఖరం ఉంటాయి. ఈ మూడవదానిలో క్రియాటిన్‌తో పాటు సుబ్బారావుగారి ఫాస్ఫోక్రియాటిన్ కూడా కలిసి ఉంటుంది. కంతి పెరిగే చోట సాధారణంగా కోలిన్ హెచ్చి, ఎన్.ఎ.ఎ. తగ్గుతుంది. క్రియాటిన్‌ను కొలబద్దగా పెట్టుకొని వైద్యులు మిగిలినవాటిని తూస్తారు. తీవ్రమైన కంతులలో ఆ కొలబద్ద కూడా కుంగవచ్చును గనుక, రెండవ వైపున ఉన్న ఆరోగ్యకరమైన భాగంతో పోల్చి చూస్తారు.

పెట్ స్కాన్ మార్గం వేరు. కొద్దిపాటి రేడియోధార్మికత గల చక్కెర వంటి పదార్థాన్ని రక్తంలోకి ఎక్కిస్తారు. చురుకైన కణాలు దానిని ఎక్కువగా గ్రహిస్తాయి. కణంలో చేరగానే దానికి ఒక భాస్వర ముక్క అతుక్కొని, అది బయటకు పోలేక చిక్కుబడుతుంది. ఆ భాస్వరాన్ని దానం చేసేది ఎ.టి.పి.యే. మెదడు సహజంగానే చక్కెరను విరివిగా వాడుతుంది కాబట్టి కంతి ఆ వెలుగులో కలిసిపోయే ప్రమాదమున్నది. అందువల్ల అమైనో ఆమ్లాల ఆధారంగా చేసే పెట్ పరీక్షలు కూడా వాడుకలోకి వచ్చినవి.

ఇందువల్ల సామాన్యునికి కలిగే మేలేమి? అహోబిలం పరిసర గ్రామాలలో ఒక రైతుకు హఠాత్తుగా మూర్ఛ వచ్చినదనుకొందాం. ఆళ్లగడ్డ, నంద్యాల దాటి కర్నూలు చేరగా మెదడులో కంతి ఉన్నదని తేలినది. అప్పుచేసి శస్త్రచికిత్స, రేడియేషన్ చేయించారు. కొన్ని నెలలకు స్కాన్‌లో అదే చోట మరల తెల్లని మచ్చ కనిపించినది. కంతి తిరిగి పెరిగినదా, లేక రేడియేషన్‌కు కమిలిన కణజాలమా? సాధారణ ఎం.ఆర్.ఐ.లో రెండూ ఒకే తీరుగా కనిపించవచ్చును. మరొకసారి తల తెరవాలా, మందులతో వేచి చూడాలా అన్నది ఆ సందేహం తీరడంపైనే ఆధారపడి ఉంటుంది. అక్కడ ఉన్నది బ్రతికి పెరిగే కంతియా, మృత కణజాలమా అని తేల్చుకొనడానికి జీవక్రియా పరీక్షలు తోడ్పడతాయి. ఇవి కూడా పొరబడవచ్చును. కొన్ని సందర్భాలలో కంతి ముక్కను తీసి పరీక్షించడం తప్పదు. అయినా చీకటిలో తడుముకొనేవానికి దీపం లభించడం సామాన్యమైన మేలు కాదు.

సుబ్బారావుగారికి నోబెల్ బహుమతి రాలేదు. పేరు కోసం ఆయన ప్రాకులాడనూ లేదు. భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతి సందర్భంగా తపాలా బిళ్ల విడుదల చేసినది. మన విద్యార్థులు ఆయన నుండి గ్రహించవలసినది పరీక్ష తప్పినా చదువు మానని పట్టుదల మాత్రమే కాదు. ప్రయోగశాలలో అనుకొన్న రంగు అనుకొన్న సమయానికి రానప్పుడు గాజు గొట్టాన్ని కడిగివేయక, ఎందుకు రాలేదని ఆలోచించే ఓర్పును కూడా గ్రహించాలి. ఆ నీలి రంగు ఆలస్యమైన సంగతిని ఒక తెలుగువాడు పట్టించుకొన్నాడు. ఆయన ఎరుగని ఎందరో రోగుల మెదడులో ఏమి జరుగుతున్నదో తెలుసుకొనడానికి అది నేడు వైద్యులకు అక్కరకు వస్తున్నది.