మంద్రానికి దారి వేసిన సాక్స్

సాక్సోఫోన్ అనగానే మనలో చాలామందికి కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలే గుర్తొస్తాయి. ఆ వాయిద్యానికి తన పేరిచ్చిన అడాల్ఫ్ సాక్స్ మొదట గెలిచింది మాత్రం బాస్ క్లారినెట్‌తో.

సాక్స్ 1814లో బెల్జియంలోని దినాన్‌లో పుట్టాడు. తండ్రి వాయిద్యాలు తయారుచేసేవాడు. చిన్నప్పుడు మేడ మీంచి పడ్డాడని, యాసిడ్ కలిసిన నీళ్లని పాలనుకుని తాగేశాడని, సూది మింగాడని చెప్తారు. బతికి బట్టకట్టడమే గొప్ప అనుకున్న ఆ పిల్లాడు తండ్రి వర్క్‌షాప్‌లోనే పనంతా నేర్చేసుకున్నాడు.

పెళ్లి బ్యాండులో మనం చూసే క్లారినెట్‌కి బాస్ క్లారినెట్ పెద్దన్న లాంటిది. ఒక స్థాయి కిందికి, మంద్రంలో పలుకుతుంది. సాక్స్‌కి ముందే అది ఉంది గానీ, శ్రుతి సరిగ్గా నిలిచేది కాదు. అంత పొడవు గొట్టంలో రంధ్రాలు ఉండాల్సిన చోటికి వేళ్లు అందవు కదా! సాక్స్ పెద్ద రంధ్రాల్ని ధ్వనిశాస్త్రం చెప్పిన చోటే పెట్టి, వాటిని మూసే మీటలు బిగించాడు. పై స్వరాల కోసం రెండో రిజిస్టర్ రంధ్రం చేర్చాడు. 1838లో పేటెంట్ వచ్చేసరికి అతనికి 23 ఏళ్లు. మన భాషలో చెప్పాలంటే అది కొత్త ఫీచర్ కాదు, బగ్ ఫిక్స్.

1842లో పారిస్ వెళ్లాడు. స్వరకర్త బెర్లియోజ్ పత్రికలో మెచ్చుకుంటూ రాశాడు. 1846లో సాక్సోఫోన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. దాంతో అక్కడి తయారీదారులు ఏకమై కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి కేసులు. 1852, 1873, 1877లో దివాలా. మధ్యలో పెదవి క్యాన్సర్ వస్తే దాన్నుంచీ కోలుకున్నాడు. చివరికి 1894లో పారిస్‌లో పేదరికంలోనే కన్నుమూశాడు.

ఇప్పటి బాస్ క్లారినెట్ వాళ్ల చర్చ వేరే. లో ఈ-ఫ్లాట్ వరకు వెళ్తే చాలా, లో సి దాకా ఉండాలా? తేడా మూడు అర్ధస్వరాలే, కానీ వాటి కోసం గొట్టం పొడవు, బరువు, ధర అన్నీ పెరుగుతాయి. షోస్టకోవిచ్ లాంటి వాళ్లు ఆ స్వరాలు రాశారు కాబట్టి ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లకి అవి తప్పవు. నేర్చుకునేవాళ్లకి మాత్రం ఈ-ఫ్లాట్ సరిపోతుందని నా అభిప్రాయం.

సాక్స్ జీవితం రెండు వైపులా మాట్లాడుతుంది. అప్పటిదాకా ఎవరూ రాగం రాయని వాయిద్యాన్ని తయారుచేసిందీ అతనే. కానీ దాని పేటెంట్‌కి ఎనిమిదేళ్ల ముందే, ఉన్న స్వరాల్ని శ్రుతిలోకి తెచ్చాడు. ఆ వరస మనకీ పనికొస్తుంది.