యంత్రమునకు భాష నేర్పిన గ్రేస్ హాపర్

కడంబత్తూరు ప్రాంతపు తెలుగు పిల్లలకు అనువాదమన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, పై చదువులకు ఇంగ్లీషు. ఒక భాషలోని మాటను మఱియొక భాషలోనికి మార్చుట వారికి నిత్యకృత్యము. అట్టి పనిని యంత్రముచేతనే చేయించిన ఒక విదుషీమణి చరిత్రము నిచ్చట చెప్పదలచితిమి.

గ్రేస్ హాపర్ 1906 డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున ఇంటిలోని గడియారములను ఒకదాని వెంట నొకటి విప్పి, అవి యెట్లు నడచునో చూడబోయెను. తల్లి కోపింపక, ఇకపై ఒక్క గడియారమును మాత్రమే విప్పవలెనని నియమించెను. 1934లో ఆమె యేల్ విశ్వవిద్యాలయమున గణితశాస్త్రములో డాక్టరు పట్టము పొందెను. యుద్ధకాలమున నౌకాదళమున చేరి, 1944లో హార్వర్డునందలి మార్క్-1 గణకయంత్రమువద్ద నియమింపబడెను.

ఆనాడు యంత్రమునకు ఆజ్ఞలన్నియు అంకెలలోనే వ్రాయవలసి యుండెను. ఒక అంకె తప్పినను పని యంతయు చెడును. ఈ శ్రమను యంత్రముపైననే మోపవలెనని తలచి, 1952లో ఆమె ఎ-0 అను కంపైలరును సిద్ధపఱచెను.

కంపైలరన నేమి? సభలో దుబాసి వక్త ప్రక్కన నిలిచి వాక్యము వెంట వాక్యము అనువదించుట ఒక పద్ధతి. ఉపన్యాసమునంతయు ముందే అనువదించి అచ్చువేసి పంచుట రెండవ పద్ధతి. మొదటిదానిలో మాట మార్చుట సులభము గాని, ప్రతిసారియు ఆలస్యమగును. రెండవదానిలో శ్రమ ముందే పడవలెను. పిమ్మట పని శీఘ్రముగ సాగును. అయితే మూలమున ఒక్క మాట మారినను మరల అచ్చువేయవలెను. తమిళమున అచ్చువేసినది కన్నడిగునకు పనికిరానట్లు, ఒక జాతి యంత్రమునకు సిద్ధపఱచినది వేఱొక జాతి యంత్రమున నడువదు. కంపైలరు ఈ రెండవ పద్ధతికి చెందినది.

ఆమె కొలువుచేసినది వ్యాపారసంస్థలో. అయినను 1953లో ఎ-2 కంపైలరును యూనివాక్ యంత్రము కొన్నవారికి మూలలిఖితముతో కూడ ఒసగి, మెఱుగులు దిద్ది తిరిగి పంపుడని కోరిరి. మూలమును దాచి అమ్మెడి పనిముట్టునందును లాభము కలదు: చెడినచో బాగుచేయుటకు బాధ్యుడుండును, పనివారికి జీతముండును. కాని ఆ సంస్థ మూతపడినచో కొన్నవాడు నిస్సహాయుడు. తెఱచియుంచినదానిని ఎవరైనను దిద్దవచ్చును. పూనుకొను వారు లేనిచో దోషము అట్లే నిలుచును. 1987లో రిచర్డ్ స్టాల్మన్ వెలువరించిన జిసిసి కంపైలరు ఇట్లు తెఱచియున్నదే. నేటికిని వాడుకలో నున్నది.

మా మనస్సున నాటినది వేఱొక ఘట్టము. 1950 దశకమున ఆమె ఇంగ్లీషు మాటలతో యంత్రమును నడిపి, అవే ఆజ్ఞలను ఫ్రెంచిలోను జర్మనులోను కూడ ఇచ్చి చూపెను. యంత్రమునకు అన్నియు సమానమే. కాని పై అధికారులు బెదరిరి. అమెరికా యంత్రమునకు పరభాష యేల యని వారి శంక. ఇంగ్లీషు మాత్రమే వాడుదుమని చెప్పి వారిని శాంతపఱచవలసి వచ్చెను. ఆమె కృషి పునాదిగా 1959లో కోబాల్ భాష రూపొందెను. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ లిఖితము ఇంచుమించు మార్పు లేకయే రెండు వేఱు సంస్థల యంత్రములపై నడచెను.

1986లో, 79 ఏండ్ల వయసున, రియర్ అడ్మిరల్ పదవిలో నుండి ఆమె నౌకాదళమునుండి విరమించెను. 1992 జనవరి 1వ తేదీన పరమపదించెను.

పెద్ద భాష, చిన్న భాష యను భేదము యంత్రమెఱుగదు; అది మనుష్యులు కల్పించినది. మూలము తెఱచియున్న పనిముట్టులో తెలుగు మాటను చేర్చుటకు అనుమతి వేడ నక్కఱలేదు. చేర్చగల నేర్పరి కావలెను. అట్టివారు మన బడినుండియు రావలెనని మా కోరిక. తల్లిదండ్రులకు మా విన్నపమొక్కటే: ఇంట గడియారము విప్పిన బిడ్డను దండింపకుడు, మరల బిగించుట కూడ నేర్పుడు.