కేరీగారి కన్నీరు

దుఃఖించుట విశ్వాసలోపమని మనలో కొందరు తలంచుదురు. విలియం కేరీగారి చరిత్ర చూడుడి.

చెప్పులు కుట్టుచు గ్రీకు నేర్చిన ఈ ఆంగ్లేయుడు 1793లో మన దేశమునకు వచ్చెను. 1812 మార్చి 11న బెంగాలులోని శ్రీరాంపూరు మిషను అచ్చుకూటము కాలిపోయెను. ఆయన యేండ్ల తరబడి వ్రాసిన నిఘంటువు, తెలుగు వ్యాకరణము బూడిదయ్యెను. మరునాడు కలకత్తానుండి వచ్చి, చూచి, ఆయన ఏడ్చెను. లాజరు సమాధియొద్ద మన ప్రభువు ఏడ్వలేదా? మనము దేనిని ప్రేమించితిమో దుఃఖము తెలుపును, దానిని దాచనక్కరలేదు.

అయితే ఆయన దుఃఖములోనే కూర్చుండిపోలేదు. కరిగిన లోహముతో అక్షరములు మరల పోతపోయించిరి; కొలది వారములలో అచ్చుపని సాగెను. తెలుగు వ్యాకరణమును ఆయన మరల వ్రాయగా అది 1814లో వెలువడెను.

పంట మునిగినను, ఇల్లు కాలినను, దేవుని యెదుట ఏడ్చెదము. పిమ్మట లేచి, మిగిలిన పనికి చేయి వేయుదము.