కొండమీద ఐదుగురు

డిసెంబరు 31 రాత్రి మన మందిరాలు కిటకిటలాడతాయి. షామియానా వేసి, కుర్చీలు అద్దెకు తెచ్చినా చాలవు. పన్నెండు కొట్టగానే మోకాళ్లూని కొత్త సంవత్సరాన్ని ప్రభువు చేతికి అప్పగిస్తాం. అది మంచి ఆచారమే. అయితే ఆ తర్వాత వచ్చే బుధవారం సాయంత్రం అదే మందిరంలో ప్రార్థన కూడికకు ఎంతమంది వస్తున్నారు? కాపరి, కాపరిగారి భార్య, ముగ్గురు వృద్ధ తల్లులు. చాలా సంఘాల్లో మేము చూస్తున్నది ఇదే. తోటి సేవకులు మా దగ్గర చెప్పుకొనే బాధ కూడా ఇదే. వచ్చేది ఐదుగురే, ఈ కూడిక ఆపేద్దామా అని కొందరు అడుగుతుంటారు.

వారికి మేము చెప్పదలచుకున్నది ఒక సేవకుని జీవితం. ఆయన పేరు లైమన్ జూయెట్.

ఆయన 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివి, న్యూటన్ వేదాంత కళాశాలలో సేవకు సిద్ధపడి, భార్య యుఫీమియా గారితో 1848లో ఓడెక్కారు. మరుసటి సంవత్సరం నెల్లూరు చేరారు. వారితో కలిసి వచ్చినవారు శామ్యూల్ డే గారు. 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషనును స్థాపించినది ఆయనే. 1853 నాటికి డే గారి ఆరోగ్యం పూర్తిగా పాడైంది. ఆయన స్వదేశానికి తిరిగి వెళ్లక తప్పలేదు. జూయెట్ దంపతులు మిగిలారు. ఇన్నేళ్ల కష్టానికి ఫలం చూపించమంటే వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమంది విశ్వాసులు మాత్రమే ఉన్నారు.

అదే 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో మిషను పెద్దలు కూడినప్పుడు, ఫలంలేని ఈ పొలాన్ని విడిచిపెడదామా అన్న చర్చ వచ్చింది. పటంలో ఒంటిగా కనబడే నక్షత్రమని ఈ మిషనుకు పేరు వచ్చింది అప్పుడే. చివరికి కొనసాగించాలనే తీర్మానించారు. అయినా తీర్మానంతో ఆత్మలు రావు గదా! ఆ సంవత్సరం చివర జూయెట్ గారు నెల్లూరుకు ఉత్తరాన ఉన్న ఒంగోలుకు సువార్త యాత్రగా వచ్చారు. వీధుల్లో బోధించారు. ఎగతాళి చేసినవారే తప్ప మారుమనస్సు పొందినవారు లేరు.

1854 జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. ఊరి పక్కనున్న కొండ ఎక్కినవారు ఐదుగురు. జూయెట్ గారు, వారి భార్య, బోధకుడు నర్సు, నెల్లూరు మిషనులో పెరిగిన జూలియా, రూతు. ఒక కీర్తన పాడారు. యెషయా గ్రంథం 52వ అధ్యాయంలో, సువార్త ప్రకటించేవాని పాదాలు పర్వతాల మీద ఎంత సుందరమో చెప్పే భాగాన్ని చదువుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. తమకు సుఖం కావాలని అడగలేదు. కింద కనబడే ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. సూర్యుడు పైకి వస్తుండగా జూయెట్ గారు కింద ఒక స్థలాన్ని జూలియాకు చూపించి, అక్కడ మన మిషను బంగళా ఉంటే నీకు ఇష్టమేనా అని అడిగారట. తర్వాతి కాలంలో ఆ స్థలమే మిషను చేతికి వచ్చింది.

ఈ కథను మనం ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. కానీ కొండ దిగాక ఏం జరిగిందో అంతగా చెప్పుకోం. ఏమీ జరగలేదు! ఆ యేడు ఒంగోలుకు ఎవరూ రాలేదు. మరుసటి యేడూ రాలేదు. ఎనిమిదేళ్లు గడిచాయి. జూయెట్ గారే జబ్బుపడి 1862లో అమెరికా వెళ్లవలసి వచ్చింది. అక్కడ పెద్దలు మళ్లీ ఈ మిషనును మూసేద్దామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మీరు పంపకపోతే ఒంటరిగానైనా తిరిగి వెళ్తాను, తెలుగువారి మధ్యే బ్రదికి అక్కడే చనిపోతాను అన్నది ఆయన జవాబు సారాంశం. అలాగైతే ఆయనను పాతిపెట్టడానికైనా ఒక మనిషిని తోడు పంపాలని మిషను కార్యదర్శి నవ్వుతూ అన్నారట.

ఆ తోడు వచ్చిన మనిషే జాన్ క్లౌ గారు. 1864 చివర జూయెట్ గారితో ఓడెక్కి, 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. అంటే కొండమీద అడిగిన సేవకుడు పన్నెండేళ్లకు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది.

జవాబు వచ్చిన తీరును కూడా గమనించాలి. తాళ్లకొండపాడు నుండి యెర్రగుంట్ల పేరయ్య వచ్చారు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి అక్కడ సువార్త విన్న మాదిగ పెద్ద. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. ఆయన వెంట ఆ పల్లెల జనం కదిలారు. అప్పటిదాకా ఆసక్తి చూపిన పై కులాలవారు, వీళ్లను చేర్చుకుంటే మేము రామన్నారు. క్లౌ దంపతులు వాక్యం తెరిచి, దేవుడు లోకంలో ఎన్నికలేనివారిని ఏర్పరచుకున్నాడని మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో చదివి, వచ్చినవారినే చేర్చుకున్నారు.

1876-78లో ఘోరమైన కరవు వచ్చింది. క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకుండా, ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. పని ముగిసి, సాయం ఆగిపోయిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. వారు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకున్నారు.

ఆ ఆరుగురిలో జూయెట్ గారు లేరు. అదే సంవత్సరం ఆయన మద్రాసులో కొత్త సేవ మొదలుపెట్టారు. తెలుగు బైబిలు తర్జుమాను సరిదిద్దే పనిలోనూ ఎన్నో ఏళ్లు గడిపారు. వృద్ధాప్యంలో స్వదేశం చేరి 1897లో ప్రభువునందు నిద్రించారు. కోతలో పేరు క్లౌ గారికి వచ్చింది. జూయెట్ గారు దానికి నొచ్చుకున్న దాఖలా ఎక్కడా లేదు. ఆయన అడిగినది తన పేరు కాదు, ఒంగోలుకు ఒక మనిషి.

ప్రియులారా, ప్రార్థన పరిచర్య కట్టాలంటే ముందు మైకు సెట్టు, ముఖ్య ప్రసంగీకుడు, ఫ్లెక్సీ కావాలని మనం అనుకుంటున్నాం. ఆ కొండమీద అవేవీ లేవు. వారి దగ్గర ఉన్నవి మూడు. ఒకటి, పేరున్న భారం. దేశాలన్నిటినీ దీవించు అని వారు సరిపెట్టుకోలేదు, కళ్లెదుట కనబడే ఊరి కోసం అడిగారు. మీ కూడికలో మీ వీధి పేరు, మందిరానికి రావడం మానేసిన కుటుంబం పేరు, తాగుడుకు బానిసైన ఆ పిల్లవాడి పేరు వినబడుతున్నాయా? ఒక నోటు పుస్తకంలో రాసి, వారం వారం తెరిచి చూడండి. రెండు, అందరి గొంతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. దొరగారు ఒక్కరే ప్రార్థించి ఆమేన్ అనిపించలేదు. మన కూడికల్లో కాపరి ఒక్కడే గంటసేపు ప్రార్థిస్తే మిగిలినవారు వినేవారవుతారు గాని ప్రార్థించేవారు కారు. మూడు, అడిగినదాని కోసం తామే వెళ్లే మనస్సు. సేవకుణ్ణి పంపమని అడిగిన మనిషి, జబ్బు శరీరంతో తానే తిరిగి ఓడెక్కాడు.

మరొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. దేవుడు ఆ ప్రార్థనకు పల్లె నుండి జవాబిచ్చాడు. ఈ రోజున మన ప్రార్థన గుంపులు ఏ కులం వారు ఆ కులం వారి ఇళ్లలోనే తిరుగుతున్నాయి. పెద్దింటిలో కూడిక అంటే నిండుతుంది, పల్లె చివరి గుడిసెలో అంటే పలచబడుతుంది. జవాబు ఏ గుమ్మం నుండి వచ్చినా తలుపు తీస్తామా? ఆ ధైర్యం లేకుండా ఉజ్జీవం కోసం ఉపవాసాలుండి ప్రయోజనం ఏమిటి?

కాబట్టి ఆ బుధవారపు కూడికను ఆపకండి. వచ్చే ఆ ముగ్గురు తల్లులను తక్కువగా చూడకండి. జూలియా, రూతు చేసిన పనే వారూ చేస్తున్నారు. ఒంగోలువారు ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుచుకుంటారు. మన సంఘాల్లో ఆ పేరుకు తగిన చోటు ఒక్కటైనా ఉండేలా, ఐదుగురైనా ఆగకుండా మోకాళ్లూనేలా ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.