రెండువేల రూపాయల కారు

మా తోటికోడలి కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. మొన్న సెలవులకు మధిర వస్తూ ఓ పాత కారు ఇంజను ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి మా పెరట్లో దించాడు. స్నేహితులు నలుగురూ కలిసి రేసు కారు కడతారట. ముందు ఇంజను, దాని వెనకాల ఒకే ఒక్క సీటు. సూటి దారిలో పావు మైలు పరుగెత్తడం తప్ప మరెందుకూ పనికిరాని బండి! వాళ్ళమ్మ తల పట్టుకుంది. చదువు పాడవుతుందని ఆమె బాధ. నాకేమో వాడి మసి చేతులు చూస్తే జి.డి. నాయుడుగారు గుర్తొచ్చారు.

మా నాన్నగారి పొలంలో బావి మోటారు మీద చిన్న రేకు ఉండేది. దాని మీద కోయంబత్తూరు అని రాసి ఉండేది. చిన్నప్పుడు ఆ ఊళ్ళో మోటార్లు చెట్లకు కాస్తాయేమో అనుకునేదాన్ని. ఆ కథ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు మన తెలుగింటి మనిషేనని పెళ్ళయ్యాక ఎప్పుడో చదివి తెలుసుకున్నాను.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తరాల కిందటే తమిళదేశంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. చిన్నతనంలోనే తల్లి పోయింది. బడి చదువు మూడో తరగతితో సరి. పొలం పనిలో పడ్డ ఆ కుర్రాడి కంట ఒకరోజు ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు పడింది. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి తనంత తానే పోతోంది! ఇక నిద్ర పట్టలేదు. ఊరు వదిలి కోయంబత్తూరు చేరి, ఓ హోటల్లో సర్వరుగా చేరారు. బల్లలు తుడిచి, పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నారు.

కొన్నాక చేసిన మొదటి పని తెలుసా? దాన్ని ముక్కముక్కలుగా విప్పేశారు. విప్పడానికేముంది, మా ఇంట్లో పిల్లలు మిక్సీ విప్పలేదూ! తిరిగి బిగించడంలోనే ఉంది విద్యంతా. ఏ మర ఎక్కడిది, ఏ పన్ను దేన్ని తిప్పుతుంది అన్నది ఆయన చేతులతోనే నేర్చుకున్నారు. ఆ బండే ఆయనకు గురువూ, బడీ.

1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచి, పళని మధ్య తనే నడిపారు. అదే పెరిగి పెరిగి యు.ఎం.ఎస్. అనే పెద్ద బస్సుల కంపెనీ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి కరెంటు మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన తొలి మోటారు అదేనంటారు. బ్యాటరీలతో తిరిగే గడ్డం గీసుకునే యంత్రం కూడా చేశారు. అన్నట్టు, పత్తి, బొప్పాయి మొక్కల మీద కూడా ప్రయోగాలు చేశారు.

నన్ను పట్టి కుదిపింది మాత్రం ఆయన కారు సంగతి. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. ధర రెండువేల రూపాయలు. ఆ రోజుల్లో ఆ డబ్బుకు పాతిక తులాల బంగారం వచ్చేదనుకుంటా. తక్కువేం కాదు. అయినా కారంటే జమీందార్లదే అనుకునే కాలంలో ఓ గుమస్తా, ఓ పంతులుగారు ఆశపడదగ్గ మాట అది. అప్పట్లో కార్లు తయారు చేయాలంటే సర్కారు లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు రాలేదు. కారు అక్కడే ఆగిపోయింది. మామూలు సంసారుల ఇళ్ళ ముందుకు మారుతి కారు వచ్చింది 1983 చివర్లో. అప్పటికి నాయుడుగారు పోయి తొమ్మిదేళ్ళు దాటింది. ఆ మధ్యలో ఎన్ని కుటుంబాలు వానలో స్కూటరు మీద నలుగురేసి వెళ్ళాయో! వాటిలో మాదీ ఒకటి.

ఇంకో సంగతి కూడా మా తోటికోడలికి చెప్పాను. 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టడానికి మూలం ఆయనే. మూడో తరగతి మనిషి దానికి ప్రిన్సిపాలు కూడా అయ్యారు. చదువుకు నాలుగేళ్ళు దండగ, పని మీద పెడితే ఇంకా తొందరగా నేర్పొచ్చని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోకపోతే పదవి వదిలేసి వచ్చేశారు. ఆ వాదం పూర్తిగా సరైందని నేననను. పుస్తకం రాని చేయి ఒక్కోసారి ప్రమాదం కూడా తెస్తుంది. రేసు బండి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే మా వాడికి ఒకటే షరతు పెట్టాను. బ్రేకులు తెలిసిన మెకానిక్కుకు చూపించకుండా బండి గేటు దాటకూడదు.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట మ్యూజియం ఉంది. పాత కార్ల కోసం ప్రత్యేకంగా ఇంకోటి 2015లో తెరిచారు. సంక్రాంతి సెలవుల్లో విజయవాడలో రైలెక్కి అందరం వెళ్ళి చూసొద్దామంటున్నాడు మా వాడు.

ఇంజను ఇంకా మా వేపచెట్టు కిందే ఉంది. నిన్న మబ్బు పట్టిందని నా పాత దుప్పటి తీసి దాని మీద కప్పాను. తోటికోడలు చూసింది గానీ ఏమీ అనలేదు.