కాప్టెన్ ట్రైపు ప్రయాణపు పెట్టెలు

ఒక మాఘమాసమున మా కళాశాల విద్యార్థులను కొందరిని అమరావతికి తీసికొని పోయితిని. వారిలో నొకడు పెద్ద కెమేరా సంచిని భుజమునకు తగిలించుకొని వచ్చెను. దానిలో మూడు కటకములు, రెండు దీపములు, నాకు పేరు తెలియని తీగలు పెక్కు కలవు. స్తూపపు దిబ్బ యెదుట సంచిని కుమ్మరించి యెంత వెదకినను బ్యాటరీ మాత్రము కానరాలేదు. అది యింట గోడకు తగిలించిన ఛార్జరులోనే యుండిపోయెనట. ఇంతలో పొలములలో ఎండబోసిన మిరపకాయల మీదుగా వచ్చిన గాలి సన్నని యెఱ్ఱనుసిని తెచ్చి మూత తీసిన కటకముపై చల్లెను. పిల్లవాని ముఖము చూచి మందలింపబుద్ధి పుట్టలేదు. నీడకు పోయి కూర్చుండి, అమరావతి శిలలకే 1858లో ఛాయాచిత్రములు తీసిన కాప్టెన్ లీనియస్ ట్రైపు కథ చెప్పితిని. అందరికిని పనికివచ్చునని యిక్కడ వ్రాయుచున్నాను.

ట్రైపు 1822 ఏప్రిల్ నెలలో ఇంగ్లండు దేశమున డెవన్ సీమలోని డెవన్‌పోర్టు రేవుపట్టణమున జన్మించెను. పదునారు పదునేడేండ్ల ప్రాయముననే ఈస్టిండియా కంపెనీవారి మదరాసు సైన్యమున చేరెను. 1850 తరువాత సెలవుమీద స్వదేశమునకు పోయినపుడు, అప్పటికి పుట్టి పదిపదునైదేండ్లయిన ఛాయాచిత్రకళ ఆయన నాకర్షించినది. 1853లో లండనులో నేర్పడిన ఛాయాచిత్ర సంఘమున సభ్యుడయ్యెను. 1854లో తిరిగి వచ్చి, ఆ యేటి చివర మైసూరు సీమలోని హళేబీడు, బేలూరు ఆలయములను చిత్రించెను. ఆ చిత్రములకు మరుసటి యేడు మదరాసు ప్రదర్శనమున బహుమానము లభించెను.

ఆ దినములలో ప్రయాణమునకు బయలుదేరు చిత్రకారుడు ముందుగా తీర్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు. గాజు తీసికొనవలెనా, కాగితము తీసికొనవలెనా? గాజుపలకపై కొలోడియను అను జిగురుద్రవమును పూసి, వెండి ద్రావణమున ముంచి, తడి యారకమునుపే చిత్రము తీసి, వెంటనే కడుగవలెను. పావుగంట దాటినచో పని చెడును. కావున చీకటి గుడారము కెమేరా వెంటనే నడువవలెను. చిత్రము సన్ననిగీతతోసహా స్పష్టముగా వచ్చును. అది దాని గుణము. బరువు దాని దోషము. ట్రైపు వాడిన పరిమాణము అడుగునకు మించిన పొడవు, పది అంగుళములకు మించిన వెడల్పు. ఆ కొలత గాజుపలక ఒక్కొక్కటి అరకిలోకు తక్కువ తూగదు. నూరు పలకలు కలిసినచో మన గుంటూరు యార్డునకు వచ్చు మిరప టిక్కీ కంటె బరువు. పైగా బండి యొక్క గోతిలో పడిన నెలరోజుల శ్రమ పెంకులగును.

కాగితపు పద్ధతి వేరు. మంచి కాగితమునకు తేనెమైనమును పట్టించి, వేడి ఇస్త్రీపెట్టెతో అదిమి, లవణద్రావణమున నానబెట్టి, ఆరబెట్టి, పిమ్మట వెండి ద్రావణమున ముంచి మరల ఆరబెట్టుదురు. ఇట్లు సిద్ధపరచిన కాగితము కొన్ని దినములు నిలిచియుండును. తీసిన చిత్రమును రాత్రి బసలో తీరికగా గాలిక్ ఆమ్లమున కడుగవచ్చును. ఇందును చిక్కు లేకపోలేదు. వెలుతురు చూడని కాగితమునకును, చూచిన కాగితమునకును కంటికి కనబడు భేదము లేదు! రెండును ఒకే అరలో కలిసినచో ఒక గోపురముపై నింకొక గోపురము మొలచును. అందుచేత చూడనివి యొక పెట్టెలో, చూచినవి వేరొక పెట్టెలో, మందుసీసాలు కాగితమునకు దూరముగా నింకొక పెట్టెలో నుంచుట విధి. మా విద్యార్థి సంచిలో లేనిది ఈ విధియే.

ట్రైపు దూరప్రయాణములకు ముఖ్యముగా మైనపు కాగితమునే నమ్ముకొనెను. 1855లో బర్మా రాజగు మిండన్ కొలువునకు ఆర్థర్ ఫెయిర్ నాయకత్వమున రాయబారము పోయినపుడు, ఆయనను చిత్రకారునిగా వెంట పంపిరి. ఐరావతీ నదిపై పొగయోడలలో ప్రయాణము; వర్షకాలము; ఆయనకు శరీరారోగ్యము సరిగా లేదు. తడిగాలిలో కాగితము ఆరుటెట్లో, మైనము పట్టుటెట్లో ఊహించుకొనవచ్చును. అయినను తీసినవానిలో 120 చిత్రములు నిలువదగినవై వచ్చెను. తిరిగివచ్చి బెంగుళూరున ఒక్కొక్కదానికి 50 చొప్పున ప్రతులు తీయించెను, అనగా ఆరువేలు.

ఈ పని చూచిన మదరాసు ప్రభుత్వము ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. 1857 డిసెంబరులో, ఉత్తరదేశము సిపాయీల తిరుగుబాటుతో అట్టుడికినట్లున్న వేళ, ఆయన బెంగుళూరునుండి పెట్టెలను ఎడ్లబండ్లపై నెక్కించి దక్షిణమునకు పోయెను. శ్రీరంగము, పుదుక్కోట, మధుర, తంజావూరు చూచెను. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానము చుట్టును చెక్కిన శాసనము నొక్క చిత్రమున నిముడ్చుట యసాధ్యము. ఆయన కెమేరాను గోడ వెంట కొంచెము కొంచెముగా జరుపుచు, అదే దూరము, అదే యెత్తు తప్పకుండ తీసి, 21 చిత్రములను అతికి దాదాపు 19 అడుగుల పటము గావించెను. శాసనములు చదువు నలవాటున్నవారు ఆ పటము నెదుట కొంతసేపు నిలువక పోజాలరు. కాగితమున ఆకాశము వెలవెలబోవుచుండెడిది గనుక కొన్నిచోట్ల మేఘములను కుంచెతో దిద్దెను. దీనిని కొందరు మోసమందురు. నాకు మాత్రము అది సైనికుని శ్రద్ధగానే తోచును.

ఇక మన శిలల సంగతి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతి పట్టణమును కట్టించు కాలమున దీపాలదిన్నె అను దిబ్బనుండి చెక్కడపు రాళ్లు బయల్పడెను. 1797 ప్రాంతమున కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. తరువాత మరల వచ్చి పటములు వ్రాయించెను. 1845లో గుంటూరున కమీషనరుగా నున్న వాల్టర్ ఎలియట్ త్రవ్వించి పెక్కు శిలలను మదరాసునకు పంపెను. పాలనాటి సున్నపురాయి మెత్తనిది. ఎండవానలను చాలకాలము సహింపదు. ఆ శిలలు మదరాసున చాల యేండ్లు దిక్కులేనివై పడియుండెను. 1858 వేసవిలో అక్కడి మ్యూజియములో ట్రైపు వానికి చిత్రములు తీసెను. ఆ సంపుటమున 75 చిత్రములున్నవి. ఈ మారు బండ్లు కట్టవలసిన పని లేదు. శిలలే ప్రయాణమునకు సిద్ధముగా నుండెను. మరుసటి యేడే వానిలో నూటికి పైగా లండనునకు ఓడ యెక్కెను. అక్కడను కొంతకాలము మరుగునపడి, 1867లో ఫెర్గుసన్ అను పండితుని కంటబడి, 1880లో బ్రిటిషు మ్యూజియమునకు చేరెను.

ఆ 75 చిత్రములు తీయుటకు మరి యొక యేడు ఆలస్యమైయున్నచో, ఓడ యెక్కకమునుపు ఆ శిలలున్న రూపమున ట్రైపు వానిని చిత్రింపగలిగెడివాడు కాడు. ఆలస్యమగుట కవకాశము లేకపోలేదు. 1859లో మదరాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవిల్యన్, తిరుగుబాటు తరువాత బొక్కసము వట్టిపోయిన దినములలో ఛాయాచిత్రములు విలాసవస్తువని తలచి ఆ పనిని నిలిపివేయించెను. ప్రభుత్వము పక్షమున చూచిన అది న్యాయమే కావచ్చును. ట్రైపు వాదులాడలేదు, కెమేరాను దాదాపు విడిచివేసి సైనికోద్యోగమునకు తిరిగిపోయెను. 1870 ప్రాంతమున బర్మాలో తీసిన కొద్ది చిత్రములు తప్ప ఆయన పని మరి కానరాదు. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు నిండలేదు.

ఉద్యోగము చాలించి డెవన్‌పోర్టునకే పోయి 1902 మార్చిలో మరణించెను. ఆయన మైనపు కాగితములు కొన్ని నేటికిని ఇంగ్లండులోని మ్యూజియములలో నున్నవి. 2014లో వాషింగ్టనున, మరుసటి యేడు లండనున ఆయన చిత్రములను ప్రదర్శించిరి.