ఒక కాపరి సలహా

పెద్ద నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు మనం ఎవరి దగ్గరకు వెళ్తామన్నది చాలా ముఖ్యం. రెహబాము రాజు పెద్దల ఆలోచనను తోసిపుచ్చి, తనతోపాటు పెరిగిన యువకుల మాట విన్నాడు. ఇశ్రాయేలు రాజ్యం రెండుగా చీలిపోయింది. అందుకు భిన్నంగా, సరైన మనిషి దగ్గరకు వెళ్లి సలహా అడిగిన విశ్వాసి విలియం విల్బర్‌ఫోర్స్.

ఆయన 1759లో ఇంగ్లండులోని హల్ పట్టణంలో, సంపన్న వర్తక కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి చనిపోవడంతో కొంతకాలం తండ్రి సోదరుని ఇంట పెరిగాడు. అక్కడే జాన్ న్యూటన్ అనే దైవజనుడు పరిచయమయ్యాడు. కొడుక్కి భక్తి ముదురుతోందని భయపడి తల్లి వెనక్కి తీసుకెళ్లిపోయింది. 1780లో, 21 ఏళ్ల వయసులో పార్లమెంటు సభ్యుడయ్యాక విందులు, వినోదాలు, గొప్పవారి స్నేహాలే ఆయన లోకమయ్యాయి. అయితే 1785లో లేఖన పఠనం ఆయన హృదయాన్ని కదిలించగా, తన జీవితాన్ని క్రీస్తుకు అప్పగించుకున్నాడు.

అప్పుడే పెద్ద ప్రశ్న ఎదురైంది. దేవునికి లోబడినవాడు రాజకీయాల్లో కొనసాగవచ్చా? వదలవద్దన్నాడు ప్రధానమంత్రి విలియం పిట్. ఆయన ప్రాణస్నేహితుడే, కానీ పార్లమెంటులో ఆయనకు విల్బర్‌ఫోర్స్ అవసరం కూడా ఉంది. ఆ ఏడాది డిసెంబరులో విల్బర్‌ఫోర్స్ లండన్‌లో న్యూటన్‌ను రహస్యంగా కలిశాడు. సంకోచంతో ఆ ఇంటి పరిసరాల్లోనే కాసేపు అటూ ఇటూ తిరిగి, ఆ తర్వాతే లోపలికి వెళ్లగలిగాడు.

న్యూటన్ ఒకప్పుడు ఆఫ్రికా బానిసలను తరలించిన ఓడకు కెప్టెన్. అప్పటికి 60 ఏళ్ల సంఘ కాపరి. ధనం, పలుకుబడి, వాక్చాతుర్యం ఉన్న యువకుడు తనంతట తానే వచ్చాడు. అతణ్ణి పరిచర్యలోకి లాగడం ఆయనకు తేలికే. కానీ న్యూటన్ అలా చేయలేదు. స్నేహితులను తొందరపడి వదులుకోవద్దని, పార్లమెంటులోనే ఉండి దేవుణ్ణి సేవించమని చెప్పి పంపాడు. పిట్ చెప్పిందీ అదే, న్యూటన్ చెప్పిందీ అదే. కాకపోతే న్యూటన్ సలహాలో ఆయనకు వచ్చే లాభమేదీ లేదు.

సలహా ఇచ్చింది న్యూటన్, భారం మోసింది మాత్రం విల్బర్‌ఫోర్స్. 1787లో ఆయన బానిస వ్యాపార నిర్మూలనను తన బాధ్యతగా స్వీకరించాడు. మరుసటి ఏడాది న్యూటన్ ఆ వ్యాపారంలో తాను చూసిన ఘోరాలను పుస్తకంగా రాసి ఆయనకు అండగా నిలిచాడు. 1791లో 163 ఓట్లు వ్యతిరేకంగా, 88 అనుకూలంగా పడ్డాయి. ఎన్నో ఓటముల తర్వాత 1807లో 283-16 ఓట్ల తేడాతో విజయం లభించింది. న్యూటన్ దాన్ని కళ్లారా చూసి, ఆ డిసెంబరులోనే ప్రభువు సన్నిధికి చేరాడు. 1813లో ఈస్టిండియా కంపెనీ చార్టరును పొడిగించినప్పుడు, మన దేశానికి మిషనరీలు రావడానికి వీలు కల్పించే నిబంధన కోసం పోరాడిందీ విల్బర్‌ఫోర్సే. 1833 జూలైలో, బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్నే రద్దుచేసే బిల్లు కామన్స్ సభలో నెగ్గిన మూడు రోజులకు ఆయన కన్నుమూశాడు.

మన సంఘాల్లోనూ యువతీ యువకులు ఉద్యోగం మానేస్తేనే దేవుని సేవా అని అడుగుతుంటారు. కొందరిని దేవుడు అలా పిలుస్తాడు, అందరినీ కాదు. సలహా అడిగేవారు తమకు నచ్చిన జవాబిచ్చే మనిషిని వెదుక్కోకూడదు. సలహా చెప్పే మనం, ముఖ్యంగా కాపరులమైన మనం, సంఘానికి కలిగే మేలుకన్నా ఆ బిడ్డ పట్ల దేవుని ఉద్దేశమేమిటో ముందు ప్రార్థనలో కనిపెట్టాలి. అటువంటి ఆలోచనకర్తలను ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక!